పెద్దోళ్లకీ కోరింత దగ్గు వస్తుందా?

ప్రశ్న: మేడం, నాకు 52 ఏళ్లు, గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాని. ఐదు వారాల నుంచి దగ్గండి, మొదట మామూలు జలుబే అనుకున్నా. పగలు బానే ఉంటది, రాత్రి మొదలైందంటే ఊపిరి తీసుకోనీకుండా తెరలు తెరలుగా వచ్చి వాంతయ్యేదాకా వదలదు, పక్కటెముకలు పట్టేస్తున్నాయి. అందరూ మిరపకాయ ఘాటు అంటున్నారు. మా ఆవిడకి కూడా నాలుగు రోజులుగా ముక్కు కారుతా చిన్న దగ్గు. అమ్మాయికి ఏడో నెల, వచ్చే వారం పురిటికి వస్తోంది. ఇది కోరింత దగ్గంటారా?

జవాబు: అయ్యుండొచ్చండి. ఘాటుకైతే యార్డులోనే ఎక్కువ రావాలి కదా, మీకేమో అక్కడ బానే ఉండి ఇంటికొచ్చాక రాత్రి పట్టుకుంటోంది. చిన్నప్పుడు టీకా వేయించుకున్నా ఆ రక్షణ కొన్నేళ్లకి తగ్గిపోద్ది, పైగా పిల్లల్లో దగ్గు తెర అయ్యాక ఊపిరి లాగేటప్పుడు వినపడే ఆ కూత పెద్దోళ్లలో చాలాసార్లు ఉండదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి ముందు గవర్నమెంటు పెద్దాసుపత్రి జీజీహెచ్‌కెళ్లి గళ్ల పరీక్ష చేయించుకోండి, టీబీ కాదని తేలాలి, అక్కడ ఫ్రీనే. ఊపిరి తీస్తే పొడిచినట్టుంటే ఎక్స్‌రే కూడా, దగ్గి దగ్గి పక్కటెముక చిట్లినవాళ్లున్నారు.

కోరింతే అయితే మూడు వారాలు దాటాక యాంటీబయాటిక్ వేసినా దగ్గు పెద్దగా తగ్గదు, దీన్ని వంద రోజుల దగ్గు అనేది ఊరికే కాదు. సిరప్పుల మీద డబ్బులు తగలేయకండి. కొంచెం కొంచెంగా తినండి, వాంతి తగ్గుద్ది.

నాకు భయమల్లా మీ గురించి కాదు, మీ ఆవిడ గురించి. మీ నుంచి అంటించే కాలం దాదాపు అయిపోయింది, ఆవిడది ఇప్పుడే మొదలు, జలుబులా ఉన్న ఈ రోజుల్లోనే బాగా అంటుకుంటది. రేపే డాక్టర్‌కి చూపించి ముక్కు లోపల్నించి స్వాబ్ తీయించి, కోరింత క్రిమి ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించండి. డాక్టర్ ఎజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే 5 రోజులు పూర్తిగా వాడాలి, ఆ తర్వాత ఆవిడ వల్ల అంటదు. అప్పటిదాకా అమ్మాయి ప్రయాణం ఆపండి, అల్లుడుగారు ఏమన్నా అనుకుంటే అనుకోనీండి. పుట్టిన బిడ్డకి ఇది సోకితే దగ్గు కూడా రాకుండా ఊపిరి ఆగి నీలంగా అయిపోవచ్చు, వాళ్లకి కోరింత దగ్గు మొదటి టీకా 6 వారాలకి గానీ పడదు.

ఆ లోటు తల్లికి 27 నుంచి 36 వారాల మధ్య వేసే టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు మూడింటికీ కలిపిన టీకా) తీరుస్తుంది, రక్షణ కడుపులో బిడ్డకీ వెళ్తుంది. గవర్నమెంటు ఆసుపత్రిలో గర్భిణులకి వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా)లో కోరింత దగ్గుది ఉండదండి, అది వేయించుకున్నాం కదా అని ఊరుకోకుండా గైనకాలజిస్టుని టీడాప్ అని పేరు పెట్టి అడగమనండి.