పానెల్ కొనేముందు కొన్నాళ్ళు ఆగు

అల్లుడూ,

ఫోన్‌లో చెప్తే సగం మాటలు మిల్లు మోతలోనే పోతున్నాయి, అందుకే రాస్తున్నా. మంగంపేట దగ్గర ముగ్గురాయిని (బెరైటీస్) పొడి చేసే రేమండ్ మిల్లు లీజుకు తీసుకున్నావు, సంతోషం. నెల తిరక్కముందే ఎవరో వచ్చి మిల్లును దానంతటదే నడిపే కంప్యూటర్ పానెల్ పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందని లక్షల్లో కొటేషన్ ఇచ్చాడన్నావే, అది మాత్రం ప్రస్తుతానికి పక్కన పడెయ్.

ముందు మిల్లు ఎంత రాయి తింటోందో నీకు తెలియాలి. రాయి ఎక్కువ పడితే లోపల గాలికి దారుండదు, మిల్లు మోటారు ఆంపియర్లు ఎక్కుతాయి, పొడిని గాలితో పైకి లేపే బ్లోయర్‌వి దిగిపోతాయి. తక్కువ పడితే రోలర్లు రింగుకే కొట్టుకుని ఖణఖణమంటాయి, అరిగేది నీ డబ్బే. లోపలి ఒత్తిడి చూడ్డానికి ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో చెక్కకు బిగించి, నీలిమందు కలిపిన నీళ్ళు పోసి, పక్కన స్కేలు అంటించు, వెయ్యి రూపాయలు కూడా కాదు. మిల్లు బాగా ఆడుతున్నప్పుడు నీళ్ళు ఎక్కడున్నాయో అక్కడ ఎర్రగీత గియ్యి. గొట్టం మూతిలో పొడి పేరుకుంటే నీళ్ళు కదలవు, షిఫ్టుకోసారి ఊది పెట్టాలి. ఒకసారి నేను ఊదడం మర్చిపోయి, కదలని నీళ్ళను చూసి అంతా బాగుందనుకుంటూ మిల్లును నిండా జామ్ చేసుకున్నా, ఖాళీ చెయ్యడానికి ఒక రోజంతా పట్టింది.

డబ్బు పెట్టాలనే ఉంటే రాయిని మిల్లులోకి వేసే ఫీడర్ మోటారుకు స్పీడు మార్చే చిన్న డ్రైవ్ పెట్టు, బ్లోయర్ ఆంపియర్లు పడగానే ఫీడ్ దానంతటదే తగ్గేలా ఒక కంట్రోలర్ కలుపు. చాలు.

ఇక అసలు నష్టం భయంతో మెత్తగా ఆడించడంలో ఉంది. ఆయిల్ బావుల తవ్వకానికి పోయే సరుక్కి ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) లెక్క ప్రకారం 75 మైక్రాన్ల జల్లెడ మీద 3 శాతం దాకా మిగలొచ్చు, అంటే 50 గ్రాములు జల్లెడలో నీళ్ళతో కడిగితే గ్రామున్నర. మొదట్లో నేను అర శాతానికి తెచ్చి మీసం మెలేశాను. సరుకు తిరిగొచ్చింది! 6 మైక్రాన్ల లోపు పొడి 30 శాతం మించకూడదని కూడా ఉందిగా, అది దాటిపోయింది. కరెంటు తగలేసి మరీ సరుకు చెడగొట్టుకున్నానన్నమాట. నువ్వు రెండు, రెండున్నర శాతం మధ్య నిలబెట్టు. మెత్తటి పొడిని వేరుచేసే క్లాసిఫయర్ స్పీడు మారిస్తే పావుగంట ఆగి జల్లెడ పట్టు, అంతవరకు ఫీడ్ ముట్టుకోకు. అన్నట్టు సాంద్రత 4.2 రావాలంటే అది ముగ్గురాయిలోనే ఉండాలి, ఎంత మెత్తగా ఆడించినా మిల్లు దాన్ని తెచ్చిపెట్టలేదు.

వానలకు ముందే రాయి కుప్ప మీద టార్పాలిన్ కప్పించు, తడి రాయి పడితే పైన చెప్పిన లెక్కలేవీ పనిచెయ్యవు.

రాత్రి షిఫ్టు రిజిస్టరులో జల్లెడ మీద మిగిలింది వరసగా ఆరు గంటలూ 2.1 శాతం అనే ఉంటే జల్లెడ తడవనే లేదని అర్థం. అరవకు. తెల్లవారుజామున చెప్పకుండా వెళ్ళి, వాళ్ళ ముందే 50 గ్రాములు నువ్వే కడుగు.

మామయ్య