శుక్రగ్రహం మీద ఏడాది కన్నా రోజే పెద్దదా?

క్విజ్ పోటీల్లో తరచూ వినిపించే ఈ ప్రశ్నకు అవునన్న జవాబు తప్పు కాదు గాని, రోజు అనే మాటను ఏ అర్థంలో వాడుతున్నారో ప్రశ్నలోనే చెప్పడం న్యాయం. శుక్రుడు సూర్యుని చుట్టూ తిరిగి రావడానికి మన లెక్కలో సుమారు 225 రోజులు పడితే, తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి దాదాపు 243 రోజులు పడతాయి. అయితే ఆ భ్రమణం భూభ్రమణానికి వ్యతిరేక దిశలో సాగుతుంది కాబట్టి, దట్టమైన మేఘాలే అడ్డు లేకపోతే, అక్కడ సూర్యుడు పడమట ఉదయించి తూర్పున అస్తమించడం కనిపిస్తుంది. పైగా ఒక సూర్యోదయానికీ మరుసటి సూర్యోదయానికీ మధ్య సుమారు 117 రోజులే గడుస్తాయి. ఈ లెక్కన చూస్తే అక్కడి ఏడాదిలో దాదాపు రెండు రోజులు ఉన్నట్టే. అందుకే ప్రశ్నలో ‘భ్రమణ కాలం’ అని స్పష్టంగా అడగాలి.