రిపోర్టులో ‘గ్రామ్ నెగెటివ్’ అని ఉంటే రోగం లేనట్టు కాదు

ప్రశ్న: పోయిన ఏడాది మా గేదెకు పొదుగువాపు వస్తే పెన్సిలిన్ ఇంజెక్షన్లతో తగ్గిపోయింది. ఇప్పుడు ఇంకో గేదెకు వచ్చింది. అప్పుడు మిగిలిన ఇంజెక్షన్లే రెండు రోజులు వేశాం, గుణం లేదు. పాలు పసుపుపచ్చగా నీళ్లలా వస్తున్నాయి, జ్వరం ఉంది, మేత ముట్టడం లేదు. పాలు పరీక్ష చేయిస్తే ‘గ్రామ్ నెగెటివ్ కడ్డీలు, ఈ.కోలై’ అని రాసిచ్చారు. నెగెటివ్ అంటే రోగం లేనట్టేనా? బ్యాక్టీరియాలో రకాలు ఎలా తేలుస్తారు, ఏ రకం వల్ల ఏ జబ్బు వస్తుంది? మిగతా గేదెలకు అంటుతుందా?

– ఒక పాడి రైతు

జవాబు: ముందు గేదె సంగతి చూడండి. రోగం ఉంది, అదీ ఆలస్యం చేయకూడని రోగం. రిపోర్టు పట్టుకుని ఈరోజే పశువైద్యుణ్ని పిలిపించండి. ఈ.కోలై అనే బ్యాక్టీరియా తెచ్చే పొదుగువాపులో విషం రక్తంలో కలిసి పశువు ఒళ్లంతా దెబ్బతింటుంది. చెవులు చల్లబడి, లేవలేక కూలబడిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఈ దశలో సెలైన్, వాపు తగ్గించే మందులు చాలా ముఖ్యం. యాంటీబయాటిక్ ఒక్కటే నమ్ముకుంటే చాలదు. వాచిన వైపు పాలు ఎప్పటికప్పుడు పూర్తిగా పిండేయండి.

ఇక ‘నెగెటివ్’ విషయం. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ వైద్యుడు బ్యాక్టీరియాకు రంగు వేసే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. నేటికీ ల్యాబ్‌లో మొదట చేసే పరీక్ష అదే. నమూనాను గాజు పలక మీద పలుచగా పూసి, ఆరాక సెగ చూపించి, ఊదారంగు ద్రావణం పోస్తాం. తర్వాత అయోడిన్. ఆ తర్వాత కొన్ని సెకన్లు ఆల్కహాల్‌తో కడుగుతాం. చివరగా ఎర్ర రంగు. వెయ్యి రెట్లు పెద్దది చేసి చూపే లెన్స్ కింద పెడితే కొన్ని బ్యాక్టీరియా ఆల్కహాల్‌తో కడిగినా ఊదారంగు వదలకుండా కనిపిస్తాయి. అవి గ్రామ్ పాజిటివ్. ఊదా పోయి చివరి ఎరుపు పట్టినవి గ్రామ్ నెగెటివ్. పోయినసారి మీ గేదె పాలను ఇలా చూసి ఉంటే బహుశా ఊదారంగు గుండ్లు గొలుసులుగానో గుత్తులుగానో కనిపించేవి. ఈసారి కనిపించినవి గులాబీ రంగు కడ్డీలు. రిపోర్టులో రాసింది ఇదే.

ఈ తేడా బ్యాక్టీరియా గోడలో ఉంది. గ్రామ్ పాజిటివ్ వాటికి మందపాటి గోడ ఉంటుంది, పైన ఇంకే కప్పూ ఉండదు. పెన్సిలిన్ ఆ గోడ కట్టుకోవడాన్నే అడ్డుకుంటుంది. గ్రామ్ నెగెటివ్ వాటి గోడ పలుచన, కానీ తడిక మీద పాలిథిన్ పట్టా కప్పినట్టు బయట ఇంకో పొర ఉంటుంది. ఈ.కోలై విషయంలో మామూలు పెన్సిలిన్ ఆ పొర దాటి లోపలికి పోలేదు. మీ మందు పనిచేయకపోవడానికి కారణం ఇదే. పైగా ఆ బయటి పొరలోనే విషం ఉంటుంది. బ్యాక్టీరియా చచ్చి ముక్కలైనప్పుడు అది రక్తంలోకి దిగుతుంది. జ్వరం, నీరసం, మేత మానడం దాని వల్లే.

ఇంత చెప్పినా, రంగును బట్టే మందు నిర్ణయించుకోవద్దు. గొంతువాపు వ్యాధి తెచ్చే పాశ్చురెల్లా కూడా గ్రామ్ నెగెటివే. అయినా దాని మీద పెన్సిలిన్ చాలాసార్లు పనిచేస్తుంది. పొదుగువాపు తెచ్చే స్టెఫైలోకాకస్ గ్రామ్ పాజిటివ్ అయినా, పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసుకుని బతికిపోయే రకాలు దానిలో ఎన్నో ఉన్నాయి. అందుకే సెన్సిటివిటీ పరీక్ష కూడా అడగండి. మీ పశువు పాలలో పెరిగిన బ్యాక్టీరియా మీదే మందు బిళ్లలు పెట్టి, ఏ బిళ్ల చుట్టూ పెరుగుదల ఆగిందో చూసి చెబుతారు.

రంగు తర్వాత చూసేది ఆకారం: గుండ్లు, కడ్డీలు, మెలికలు. మెలికల్లో రైతు గుర్తుంచుకోవాల్సింది లెప్టోస్పైరా. ఎలుకల మూత్రంతో నీళ్లలో చేరి పశువుల్లో ఈసుకుపోవడానికి (గర్భం జారిపోవడానికి) కారణమవుతుంది, బురదలో పనిచేసే మనిషికీ వస్తుంది.

నా దృష్టిలో రైతుకు రంగు, ఆకారం కంటే ఎక్కువ పనికొచ్చే ప్రశ్నలు రెండున్నాయి. ఆ బ్యాక్టీరియాకు గాలి కావాలా, వద్దా? అది స్పోరు కడుతుందా? స్పోరు అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపం. ఎండకు, కరువుకు, మామూలు క్రిమినాశకాలకు లొంగదు. దొమ్మరోగం (ఆంత్రాక్స్) తెచ్చే బాసిల్లస్ ఆంత్రాసిస్ పశువు ఒంట్లో ఉన్నంతసేపు స్పోరు కట్టదు, బయటి గాలి తగిలితే కడుతుంది. హఠాత్తుగా చచ్చిపోయిన పశువు ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే కళేబరాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు అని అంత గట్టిగా చెప్పేది ఇందుకే. కోసిన మరుక్షణం నుంచి ఆ నేలలో పదుల ఏళ్లకు సరిపడా రోగాన్ని విత్తినట్టే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్కాట్లాండ్ దగ్గర గ్రూయినార్డ్ అనే చిన్న దీవిలో ఈ స్పోర్లతో ప్రయోగాలు చేశారు. నేలను ఫార్మాల్డిహైడ్‌తో శుద్ధి చేశాక, 1990లో గానీ ఆ దీవి సురక్షితమని ప్రకటించలేకపోయారు. కాబట్టి అలాంటి చావు చూస్తే ముందు పశువైద్యుడికి కబురు చేయండి. లోతుగా పూడ్చాలా, కాల్చాలా అన్నది ఆయన చెప్పినట్టు చేయండి.

క్లాస్ట్రిడియం జాతివి గాలి పడనివి, స్పోర్లు కట్టేవి. జబ్బవాపు వీటి పనే. పుష్టిగా ఉన్న పడ్డలు, కోడెదూడల తొడో జబ్బో వాచి, నొక్కితే లోపల గ్యాస్‌తో కరకరమంటుంది. గొర్రెల్లో చిటుకు రోగం, లోతు గాయాల ద్వారా వచ్చే ధనుర్వాతం కూడా ఈ జాతివే. వీటిలో విషం పనిచేసే వేగానికి మందు అందుకోలేదు. అందుకే టీకా ముందే వేయించాలి. జబ్బవాపు, గొంతువాపు టీకాలు వానలు మొదలవకముందే పడాలి.

గ్రామ్ రంగుకు చిక్కని బ్యాక్టీరియా కూడా ఉంది. క్షయ, జోన్స్ వ్యాధి (పశువుల్లో ఎంతకీ తగ్గని పారుడు జబ్బు) తెచ్చే మైకోబ్యాక్టీరియా గోడ మైనంతో నిండి ఉంటుంది, వాటికి వేరే రంగు పద్ధతి వాడతాం. మేకల్లో ఊపిరితిత్తుల వ్యాధి తెచ్చే మైకోప్లాస్మాకు అసలు గోడే లేదు. గోడే లేనప్పుడు పెన్సిలిన్ ఎంత వేసినా దండగే.

ఈసుడు రోగం (బ్రూసెల్లోసిస్) గురించి మాత్రం నిలబెట్టి చెబుతాను. ఈ బ్రూసెల్లా చిన్న గ్రామ్ నెగెటివ్ కడ్డీ. పశువు కణాల లోపలే దాక్కుంటుంది కాబట్టి పశువుల్లో మందులతో నిర్మూలించడం కుదరదు. చూడి చివరి నెలల్లో పశువు ఈసుకుపోతే ఆ పిండాన్ని, మావిని ఒట్టి చేతులతో ముట్టవద్దు. గ్లవ్స్ వేసుకుని తీసి లోతుగా పూడ్చండి. ఆడదూడలకు చిన్న వయసులోనే టీకా వేయించండి, చూడి పశువులకు మాత్రం వేయకూడదు. పాలు కాచకుండా తాగవద్దు. ఈ జబ్బు మనుషులకు అంటితే జ్వరం, కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలవు.

పైరు వేసేవారి కోసం ఒక్క మాట. టమాటా, వంగ మొక్క పచ్చగా ఉండగానే వాడిపోతే కాండాన్ని అడ్డంగా కోసి, కోసిన కొన గాజు గ్లాసులోని నీళ్లకు తగిలేలా పెట్టండి. కొద్ది నిమిషాల్లో పాలధార లాంటి తీగలు కిందికి దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు, శిలీంద్ర నాశినితో పోదు. దానికి కారణమైన రాల్‌స్టోనియాను పాత పుస్తకాల్లో సూడోమోనాస్ అని చదివి ఉంటారు. జన్యువులను పోల్చడం మొదలయ్యాక ఇలా చాలా పేర్లు మారాయి. జబ్బు మాత్రం అదే.

మీరు చేసిన ఒక పని నాకు బాధ కలిగించింది. పాత ఇంజెక్షన్లు మిగిలాయంటే పోయిన ఏడాది చెప్పినన్ని రోజులు వేయలేదేమో అనిపిస్తోంది. సగంలో ఆపిన మందుకు తట్టుకున్న బ్యాక్టీరియానే మిగిలి పెరుగుతుంది, తర్వాత ఆ మందు పనిచేయదు. మిగిలిన మందు ఇంకో పశువుకు వాడవద్దు. మరోసారి పొదుగువాపు వస్తే మొదటి ఇంజెక్షన్‌కు ముందే పాలు తీయాలి, తర్వాత తీస్తే ల్యాబ్‌లో ఏమీ పెరగకపోవచ్చు. చనుకట్టు కడిగి తుడిచి, కొనను 70 శాతం ఆల్కహాల్ దూదితో రుద్దండి. మొదటి రెండు మూడు ధారలు విడిగా పిండేసి, ల్యాబ్ ఇచ్చిన సీసాలో అంచు తగలకుండా పట్టి, మూత బిగించి, ఐస్‌లో పెట్టి అదే రోజు అందించండి.

అంటుకోవడం గురించి అడిగారు. ఈ.కోలై ఎక్కువగా పేడ నుంచి, తడిసిన పడక నుంచి చనుకట్టులోకి ఎక్కుతుంది. కాబట్టి పాకలో నేల పొడిగా ఉంచడమే మొదటి పని. పాలు పిండాక అరగంట పడుకోనివ్వకుండా మేత వేయండి, అప్పటికి చనురంధ్రం మూసుకుంటుంది. స్టెఫైలోకాకస్ అయితే పిండే చేతుల ద్వారా, తుడిచే గుడ్డ ద్వారా ఒక గేదె నుంచి ఇంకోదానికి పోతుంది. అందువల్ల మంచి గేదెలను ముందు పిండి, జబ్బు గేదెను చివరగా పిండండి. ఆ పాలు పాకలో నేల మీద పోయవద్దు, దూడకు తాపవద్దు. మందు ఆపాక కూడా మందు సీసా మీద పాలకు రాసిన గడువు తీరేదాకా ఆ గేదె పాలు పాల కేంద్రంలో పోయవద్దు.