టెక్ సందేహాలు: మీటరు సున్నా చూపిస్తుంటే షాక్ ఎక్కడిది?

ప్రశ్న: గవర్నరుపేటలో ఒక 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ (12 వైపు మూడు తీగలు, మధ్యది సున్నా) కొన్నాను. 230 వోల్టులు ఇస్తే 12 వస్తాయి కాబట్టి, 12 వైపు బ్యాటరీ తగిలిస్తే అటు 230 రావాలి కదా అనుకున్నాను. కరెంటు పోయినప్పుడు బల్బు వెలిగిద్దామని పాత యూపీఎస్ బ్యాటరీ కలిపి చూశాను. బల్బు వెలగలేదు, మీటరు సున్నా దగ్గరే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం చేయి పెట్టలేనంత కాలింది. కంగారులో బ్యాటరీ వైరు పీకేస్తుంటే రెండో వైపు తీగలు చేతికి తగిలి షాక్ కొట్టింది. సున్నా వోల్టులకు షాక్ ఏమిటి? (ఇంటర్ విద్యార్థి, పటమట)

జవాబు: ముందు చివాట్లు. రెండో వైపు తీగలు టేపు చుట్టకుండా వదిలేసి ఇలాంటి పని ఇంకెప్పుడూ చేయకండి. మిమ్మల్ని కొట్టింది వందల వోల్టులు అయ్యుండొచ్చు. రెప్పపాటులో పోయింది కాబట్టి సరిపోయింది.

ఇక అసలు సంగతి. బ్యాటరీ తగిలించి ఉంచినంతసేపూ రెండో వైపు ఏమీ రాలేదు, పీకేటప్పుడు కొట్టింది. జవాబంతా అందులోనే ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వైండింగులు (రాగి తీగ చుట్లు) ఉంటాయి, వాటికి తీగతో సంబంధం ఉండదు. ఇటు కరెంటు అటు దూకదు. ఇక్కడ పారే కరెంటు మధ్యలోని ఇనుప రేకులను అయస్కాంతం చేస్తుంది. ఆ అయస్కాంతత్వం పెరుగుతున్నప్పుడో తరుగుతున్నప్పుడో మాత్రమే రెండో వైండింగులో వోల్టేజి పుడుతుంది. ఎంత బలంగా ఉన్నా కదలకుండా ఉంటే ఏమీ పుట్టదు. కవ్వం తాడు అటూ ఇటూ లాగుతుంటేనే వెన్న పడుతుంది. ఒక వైపు లాగి బిగబట్టుకుని కూర్చుంటే చేతులు నొప్పి పుట్టడమే తప్ప కుండలో చల్ల చల్లలాగే ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ అలా బిగబట్టే రకం. ఇంటికొచ్చే ఏసీ (బెజవాడ ఎండల్లో అందరికీ గుర్తొచ్చే ఏసీ కాదు) సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగి వచ్చేది.

వేడి సంగతికొద్దాం. ఏసీ ఇచ్చినప్పుడు, మారుతున్న అయస్కాంతత్వం రెండో వైండింగులోనే కాదు, మొదటి దానిలోనూ వోల్టేజి పుట్టిస్తుంది. అది వచ్చే కరెంటుకు ఎదురు నిలబడి అడ్డుకుంటుంది. రెండో వైపు ఏమీ తగిలించకుండా ప్లగ్గులో పెట్టి వదిలేసినా ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోకపోవడానికి కారణం ఇదే. డీసీకి ఆ అడ్డు ఉండదు. అడ్డేమైనా ఉంటే రాగి తీగ నిరోధమే. మీ వైండింగుది అర ఓం అనుకుందాం: 12ను 0.5తో భాగిస్తే 24 ఆంపియర్లు. కొన్నది 2 ఆంపియర్లదైతే దాని శక్తికి 12 రెట్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 144 రెట్లు! మీ పాత బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేక చతికిలబడి ఉంటుంది. కొత్తదైతే ఆటోనగర్‌లో మోటార్లకు వైండింగ్ కట్టే షాపుల ముందు వచ్చే మాడిన వార్నిష్ వాసన మీ ఇంట్లోనే వచ్చేది. ఆ వాసన నాకూ తెలుసు, మీ వయసులో నేనూ ఒకటి కాల్చాను.

షాక్ ఎందుకంటే, వైరు పీకగానే కరెంటు ఠక్కున ఆగిపోయి, రేకుల్లోని అయస్కాంతత్వం ఒక్కసారిగా కుప్పకూలింది. మార్పు ఎంత వేగంగా జరిగితే వోల్టేజి అంత ఎక్కువ. పైగా అది చుట్లు ఎక్కువున్న వైపు, అంటే వోల్టేజి పెరిగే వైపు. మీటరు దాన్ని పట్టుకునేలోపే అయిపోయింది, మీ చెయ్యి మాత్రం పట్టుకుంది. 1831 ఆగస్టులో మైకేల్ ఫారడే ఇనుప రింగుకు రెండు తీగలు చుట్టి చూసిందీ ఇదే. ఒక తీగకు బ్యాటరీ కలిపినప్పుడు రెండో తీగ దగ్గరి అయస్కాంత ముల్లు ఒకసారి ఉలిక్కిపడింది, తీసినప్పుడు రెండో వైపుకు ఉలిక్కిపడింది, మధ్యలో కదల్లేదు. మీరు ఆయన ప్రయోగాన్ని ముల్లుకు బదులు చేతితో చేశారు, అంతే తేడా.

మీ వీధి చివర స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చెవి రిక్కించి వినండి (దూరం నుంచే). గుయ్ మంటుంటుంది. 11 వేల వోల్టులను 433కు దించే పనిలో దాని రేకులు సెకనుకు వంద సార్లు (ఒక్కో ఊపుకు రెండు) పిసరంత సాగి ముడుచుకుంటాయి. ఆ మోత దానిదే. ఊరికి ఏసీ ఎందుకు వస్తోందంటే కూడా ఈ యంత్రం కోసమే. ఇబ్రహీంపట్నం థర్మల్‌లో పుట్టిన కరెంటును లక్షల వోల్టులకు పెంచి పంపుతారు. వోల్టేజి పది రెట్లు పెంచితే అదే విద్యుత్తుకు పదో వంతు కరెంటు చాలు, తీగల్లో వేడిగా పోయేది వందో వంతుకు తగ్గుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుంచి తమిళనాడులోని పుగళూరుకు 800 కిలోవోల్టుల (8 లక్షల వోల్టుల) డీసీ లైను ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ దానికీ రెండు చివరలా ఏసీ వైపు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి.

మీ ఆలోచన సగం సరైనదే. ఆ మధ్యలోని సున్నా తీగకు బ్యాటరీ ప్లస్ ఇచ్చి, రెండు 12 తీగలనూ వంతులవారీగా, ఒక్కోదాన్ని సెకనులో వందో వంతు సేపు మైనస్‌కు కలిపే రెండు మాస్‌ఫెట్ల (ఎలక్ట్రానిక్ స్విచ్చుల) సర్క్యూట్ పెడితే అదే చిన్న ఇన్వర్టర్. ఫిజిక్స్ మాస్టారినో ల్యాబ్ అసిస్టెంటునో పక్కన పెట్టుకుని కట్టండి, ఫ్యూజు మరవకండి.

ప్రశ్న: మా నాన్నగారి రేడియో ఎడాప్టర్ ఇటుకంత బరువు. నా ఫోన్ చార్జర్ అగ్గిపెట్టెంత. చార్జర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లేదా? (గృహిణి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఉందండీ, చింతగింజ కన్నా కాస్త పెద్దది. రేడియో ఎడాప్టర్ సెకనుకు 50 ఊపులతో పని కానివ్వాలి, నెమ్మదిగా ఊగేదానికి ఇనుమూ రాగీ ఎక్కువ కావాలి. చార్జర్ తెలివైనది. 230 ఏసీని ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మార్చి, దాన్ని సెకనుకు వేల, లక్షల ముక్కలుగా తరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇస్తుంది. అంత వేగంగా మారితే ఇనుప రేకులకు బదులు చిన్న ఫెరైట్ (ఒక రకం అయస్కాంత పదార్థం) ముక్క చాలు. డీసీ చేసి మళ్లీ దాన్ని తరగడం ఎందుకంటే, పై అబ్బాయికి చెప్పిన కారణమే: మారని డీసీతో ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయదు.

ప్రశ్న: ఇన్వర్టర్ మీద ఫ్యాను గుర్రుమంటోంది, కరెంటు రాగానే మామూలైపోతోంది. ఫ్యాను పోయిందా? (అరండల్‌పేట)

జవాబు: ఫ్యాను బాగానే ఉంది. మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. అది నున్నగా ఊగకుండా ఠక్కున ఇటు నుంచి అటు దూకే ఏసీ ఇస్తుంది, ఫ్యాను మోటారుకు అది పడదు. మోతతో పాటు కాస్త ఎక్కువ వేడెక్కుతుంది కూడా. ఇప్పటికిప్పుడు మార్చక్కర్లేదు. ఈసారి కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులా నున్నగా ఊగేది) అని డబ్బా మీద ఉందో లేదో చూసుకోండి.