నెల క్రితం కరోనా, ఇప్పుడు తగ్గని జ్వరం: పాపని ఈరోజే చూపించండి

చెల్లెమ్మా, నెల క్రితం ఇంటిల్లిపాదికీ కరోనా వచ్చి తగ్గిందని, ఇప్పుడు 9 ఏళ్ల పాపకి నాలుగు రోజులుగా జ్వరం, కడుపునొప్పి, కళ్లు ఎర్రబడటం, ఒంటిమీద దద్దుర్లు అని రాశారు. నరసన్నపేటలో టైఫాయిడ్ మందులు వాడుతున్నామని, కరోనా టెస్ట్ నెగెటివ్ కాబట్టి ధైర్యంగా ఉన్నామని అన్నారు. దయచేసి ఆ నెగెటివ్‌ని నమ్ముకుని ఆగకండి.

కరోనా సోకిన 2 నుంచి 6 వారాలకి కొందరు పిల్లల్లో రోగనిరోధక శక్తి అదుపు తప్పి గుండె, పేగులు, రక్తనాళాల్లో వాపు తెస్తుంది. దీన్ని ఎంఐఎస్-సి అంటారు. అప్పటికి వైరస్ పోయి ఉండొచ్చు, అందుకే ముక్కులోంచి తీసే టెస్ట్‌లో చాలాసార్లు దొరకదు. రక్తంలో చేసే యాంటీబాడీ టెస్ట్‌లో మాత్రం పాత కరోనా ఆనవాలు చాలాసార్లు దొరుకుతుంది. మా అక్క కొడుక్కి కడుపునొప్పి చూసి ముందు అపెండిక్స్ అనుకున్నారు. ఎకో (గుండె స్కానింగ్) తీశాకే గుండె బలహీనపడిందని తెలిసింది. ఆ రెండు రోజుల టెన్షన్ మీకు రాకూడదు.

శ్రీకాకుళం రిమ్స్‌లో పిల్లల డాక్టర్‌కి చూపించండి. కరోనా వచ్చిన తేదీ మీరే ముందు చెప్పండి. సీఆర్పీ, ఫెరిటిన్, డి-డైమర్, ట్రోపోనిన్ అనే రక్తపరీక్షలు, ఎకో అవసరమా అని అడగండి. డెంగీ, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) కూడా ఇలాగే కనిపిస్తాయి, వాటినీ చూడాలి. ఎంఐఎస్-సి అని తేలితే ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు), స్టెరాయిడ్ ఇస్తారు. సమయానికి మొదలైతే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు.

ఇంట్లో ఆస్పిరిన్ మాత్రం వేయకండి. పాప మగతగా పడుకున్నా, చేతులు కాళ్లు చల్లబడినా, ఆయాసపడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.