హసీనా ‘అన్నారు’ అనాలా, ‘అన్నది’ అనాలా?

సందేహం: పొరుగు దేశాల వార్తలను తెలుగులోకి తెచ్చే పని చేస్తుంటాను. ఒకే వార్తలో ‘మోదీ అన్నారు’, ‘హసీనా అన్నది’ అని రాయడం చాలాసార్లు చూశాను. 2024 ఆగస్టుకు ముందు ‘హసీనా వచ్చారు’ అని రాసినవాళ్లే, ఆవిడ బంగ్లాదేశ్ ప్రధాని పదవి పోయి ఢాకా విడిచాక ‘హసీనా పారిపోయింది’ అన్నారు. మన వ్యాకరణం ప్రకారం ఏది సరైనది? ‘ప్రధానమంత్రిణి’, ‘మహిళా అధ్యక్షురాలు’ లాంటి మాటలు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: వ్యాకరణాన్ని అడిగితే ‘అన్నారు’, ‘అన్నది’ రెండూ ఒప్పే. కానీ ఒకే వార్తలో, ఒకే హోదాలో ఉన్న ఇద్దరిలో ఒకరికి అదీ, మరొకరికి ఇదీ రాయడం తప్పు. అలవాటులో పడి దొర్లేదే అయినా దీన్ని చిన్న తప్పు అనుకోను.

తెలుగు ఏకవచనంలో మగవాళ్లు ఒక వర్గం. ఆడవాళ్లు, పశుపక్ష్యాదులు, చెట్టూచేమా, రాయీరప్పా అన్నీ కలిపి ఇంకో వర్గం. చిన్నయసూరి మహత్తు, అమహత్తు అని పేర్లు పెట్టింది ఈ విభజనకే. బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు మహత్తులతో కలుస్తారు. అందుకే ఒక్కరైతే ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని క్రియ ఒకే తీరుగా ఉంటుంది. పదిమంది అయితే ‘ఆడవాళ్లు వచ్చారు’, ‘బస్సులు వచ్చాయి’ అని వేరైపోతుంది. గౌరవం కోసం వాడే బహువచనం మగవాడిని ఒక మెట్టు పైకి ఎక్కిస్తుంది. ఆడమనిషిని మాత్రం ఏకంగా వర్గమే మార్చి మనుషుల్లో కలుపుతుంది. ఆ ‘ఆరు’ అనే ప్రత్యయం తీసేస్తే ఇద్దరికీ జరిగే నష్టం ఒకటి కాదు.

ఈ తేడా అన్నిచోట్లా ఉన్నదేమీ కాదు. గ్రాంథికంలో భూతకాలం చూడండి: రాముడు పలికెను, సీత పలికెను, చిలుక పలికెను. ముగ్గురికీ ఒకటే రూపం. వాడుక భాషలో ‘పలికాడు’, ‘పలికింది’ అని విడిపోయాకే భూతకాలంలో ఈ చిక్కు వచ్చింది. దానికి సర్వనామం తోడైంది. కోస్తా మాటలో ‘ఆయన’ అనగానే క్రియ దానంతట అదే ‘అన్నారు’ అయిపోతుంది. ‘ఆమె’ అంటే మాత్రం ‘అన్నది’ దగ్గరే ఆగుతుంది. ‘ఆవిడ’కు ‘అన్నారు’ కలపాలంటే కాస్త పనిగట్టుకోవాలి. తెలంగాణ మాటలో ‘ఆయన వచ్చిండు’, ‘ఆమె వచ్చింది’ అంటారు. ఇద్దరికీ ఏకవచనమే కాబట్టి అక్కడ ఈ ఎగుడుదిగుడు లేదు. పత్రికల భాష కోస్తా అలవాటునే ఎక్కువగా పట్టుకుంది. మీరు చూసిన వార్తల్లోని తేడా అక్కడి నుంచి వచ్చిందే.

‘అన్నది’ అంటేనే అవమానం అని కూడా అనకూడదు. ‘అమ్మ వచ్చింది’ అనడంలో ఎంత ప్రేమ ఉందో మనకు తెలుసు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ ఊళ్లలో ‘ఇందిరమ్మ గెలిచింది’ అన్నవాళ్లు ఆవిడను తక్కువ చేయలేదు. సుష్మా స్వరాజ్‌ను ‘చిన్నమ్మ’ అని పిలుచుకున్నవాళ్లకూ ఏకవచనమే సహజం. అది ఇంటి మాట. వార్తలో రాసేది నలుగురి మధ్య చెప్పే మాట కాబట్టి అక్కడ తూకం సమానంగా ఉండాలి.

ఆ తూకం ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 1988 డిసెంబర్ 31న ఇస్లామాబాద్‌లో భారత్, పాకిస్తాన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒకరి అణు కేంద్రాలపై ఇంకొకరు దాడి చేయకూడదన్నది దాని సారం. దాని ప్రకారమే రెండు దేశాలూ ఏటా జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అప్పుడు ఇక్కడ ప్రధాని రాజీవ్ గాంధీ, అక్కడ అదే నెలలో పదవిలోకి వచ్చిన బేనజీర్ భుట్టో. ‘రాజీవ్, బేనజీర్ అంగీకరించారు’ అని కలిపి రాస్తే ఇద్దరికీ ఒకే క్రియ. అదే వాక్యాన్ని విడగొట్టి రాయమనండి. చాలామంది చేతి నుంచి ‘రాజీవ్ చెప్పారు, బేనజీర్ చెప్పింది’ అని జారిపోతుంది. ఇద్దరూ ప్రధానులే, కూర్చున్నది ఒకే బల్ల దగ్గర. అనువాదం పూర్తయ్యాక ఒక్కసారి క్రియలు మాత్రమే చూసుకుంటూ వెళ్లండి, ఇలాంటివి ఇట్టే దొరుకుతాయి.

గౌరవం సంగతి పక్కన పెట్టినా, అర్థం కోసమైనా ‘ఆరు’ కావాలి. దేశం పేరు అమహత్తు. ‘భారత్ ఖండించింది’, ‘ఢాకా ఒప్పుకుంది’ అంటాం. 1996 డిసెంబర్ 12న దేవెగౌడ, హసీనా ఢిల్లీలో గంగాజలాల ఒప్పందంపై సంతకాలు చేశారు. ఫరక్కా దగ్గర నీటి పంపకం గురించి 30 ఏళ్లకు చేసుకున్న ఒప్పందం అది. ‘బంగ్లాదేశ్ ప్రధాని హసీనా ఢిల్లీ వచ్చింది. గడువు 30 ఏళ్లు ఉండటానికి ఒప్పుకుంది’ అని రాశారనుకోండి. ఒప్పుకున్నది హసీనానా, బంగ్లాదేశా? నాయకుడు మగవాడైతే ఈ సందేహమే రాదు. ‘ఒప్పుకున్నారు’ అంటే మనిషి, ‘ఒప్పుకుంది’ అంటే దేశం అని తేలిపోతుంది. ఆడవారి విషయంలోనూ ‘ఒప్పుకున్నారు’ అని రాస్తే ఆ స్పష్టత వస్తుంది. తీస్తా నది వార్తల్లో ఇంకా జాగ్రత్త కావాలి. 2011లో ఆ నది నీటి పంపకంపై భారత్, బంగ్లాదేశ్ ఒప్పందం ఆగింది అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అభ్యంతరం వల్ల. అవతలి ఒడ్డున ప్రధాని హసీనా. ‘ఆమె ఒప్పుకోలేదు’ అంటే ఏ ఆమె? అక్కడ పేరు రాయక తప్పదు. ఇంగ్లీషును చూసి దేశాన్ని ‘ఆమె’ అనే అలవాటు కూడా కొన్ని అనువాదాల్లో కనిపిస్తోంది, అది మనకు వద్దు. ‘ఆ దేశం’ అంటే చాలు.

ఇక ‘పారిపోయింది’ సంగతి. 2024 ఆగస్టు 5న హసీనా ఢాకా విడిచి భారత్‌కు వచ్చారు. దాన్ని పారిపోవడం అనాలా, వెళ్లిపోవడం అనాలా, ఆశ్రయం పొందడం అనాలా అన్నది రాసేవారు ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయం. పారిపోవడమే అని తేల్చుకుంటే ‘పారిపోయారు’ అని రాయండి. చెప్పదలచుకున్న తీర్పును ధాతువు, అంటే ‘పారిపోవు’ అనే క్రియామూలం చెప్తుంది, ప్రత్యయం మీద ఆ బరువు పెట్టకూడదు. 2022 జులైలో గొటబాయ రాజపక్స శ్రీలంక విడిచినప్పుడు ‘పారిపోయారు’ అని రాసిన చేయి, హసీనాకూ అదే రాయాలి. సంబంధాలు బాగున్నప్పుడు ‘ఆరు’, చెడితే ‘ది’ అని పొరుగు దేశాల నేతలకు మార్చి మార్చి రాస్తే, పాఠకుడు వార్త కన్నా ముందు మన ఇష్టాయిష్టాలను చదువుతాడు.

పొరుగువాళ్లు తమ నాయకురాళ్లను ఎలా గౌరవిస్తారో కూడా గమనించండి. 1960లో శ్రీలంకలో ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధాని అయిన సిరిమావో బండారనాయకే అసలు పేరు సిరిమా. చివరి ‘వో’ సింహళంలో గౌరవానికి చేర్చేది. శ్రీలంకలోని భారత సంతతివారి పౌరసత్వంపై 1964లో కుదిరిన ఒప్పందాన్ని ‘సిరిమా–శాస్త్రి ఒప్పందం’ అంటారు కాబట్టి రెండు పేర్లూ వేర్వేరు మనుషులవేమో అని తికమక పడకండి. మయన్మార్ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ పేరు ముందు బర్మీయులు చేర్చే ‘దావ్’, బంగ్లాదేశ్ మాజీ ప్రధాని ఖలీదా జియాకు చేర్చే ‘బేగం’ కూడా ఇలాంటివే. అవి ఇంటిపేర్లు కావు. తెలుగులో వాటిని వదిలేసినా ఇబ్బంది లేదు, ‘ఆరు’ ఆ పని చేస్తుంది.

పదవుల పేర్లకు వద్దాం. ‘మంత్రిణి’ సంస్కృతంలో సాధువే. లలితా సహస్రనామంలో ‘మంత్రిణీన్యస్తరాజ్యధూః’ అన్న నామం చాలామందికి నోటికి వచ్చు. రాజ్యభారాన్ని మంత్రిణికి అప్పగించిన తల్లి అని అర్థం. అయినా నేటి తెలుగులో ‘మంత్రి’ ఇద్దరికీ చెల్లుతుంది కాబట్టి ‘ప్రధానమంత్రిణి’ అక్కర్లేదు. ‘ప్రధాని’ చివర ‘ని’ చూసి అది స్త్రీ రూపమని కొందరు పొరబడతారు. రాజుల కాలం నుంచీ అది మగ మంత్రులకూ వాడిన మాటే. ‘రాష్ట్రపతి’లో పతి అంటే భర్త కాదు, అధిపతి. సేనాపతి, ఉపకులపతి అనడం లేదా? దానికి ‘పత్ని’ని తగిలించి 2022లో ఒక ఎంపీ పార్లమెంటులో ఎంత దుమారానికి కారణమయ్యారో మీకు గుర్తుండే ఉంటుంది. ‘నాయకి’, ‘నాయిక’ కావ్యాలకూ సినిమాలకూ సరిపోతాయి. రాజకీయాలకు ‘నాయకురాలు’ ఉంది. అది పత్రికలు పుట్టించిన మాట కాదు. గురజాల తరఫున పొరుగున ఉన్న మాచర్లతో వైరం నడిపిన నాగమ్మను పల్నాడు ఇప్పటికీ ‘నాయకురాలు నాగమ్మ’ అనే పిలుస్తుంది. రుద్రమదేవి శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అని మగపేరుతో కనిపిస్తారు. నాగమ్మకు మాత్రం జనం ఆడపేరుతోనే అధికారాన్ని ఇచ్చారు. ఆ మాటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

‘మహిళా అధ్యక్షురాలు’లో ‘మహిళా’ దండగ, ‘రాలు’ ఆ సంగతి చెప్పేసింది. ‘ప్రధాని’ ఆ సంగతి చెప్పదు కాబట్టి ‘తొలి మహిళా ప్రధాని’ అనడం అవసరమే. 1994 నవంబర్ నుంచి 2000 ఆగస్టు వరకు శ్రీలంకలో కూతురు చంద్రికా కుమారతుంగ దేశాధ్యక్షురాలు, తల్లి సిరిమావో ప్రధాని. ఆ వార్తను ‘అధ్యక్షురాలు చంద్రిక, ప్రధాని సిరిమావో చెప్పారు’ అని రాస్తే సరిపోతుంది. ‘మహిళా’ అన్న మాట ఎక్కడా అక్కర్లేదు.