ఒకే బిల్లులో రెండు క్యారెట్లు

సందేహం: మా చెల్లె పెండ్లికి చంద్రపూర్‌లో ఉంగరం కొన్నాం. బిల్లులో బంగారం 18 క్యారెట్, వజ్రం 0.25 క్యారెట్ అని ఉంది. ఒకే మాట రెండిటికీ ఎట్లా? పైగా ఆ రాయిని మా అమ్మమ్మ ‘రవ్వ’ అంటే, రవ్వంటే నకిలీదని మేనత్త గొడవ. ఎవరిది సరి? – ఒక పాఠకురాలు, సిరోంచ

సమాధానం: ముందు మేనత్తగారి సంగతి తేలుద్దాం, ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది. అమ్మమ్మగారిదే సరి. రవ్వ అంటే చిన్న కణం. నిప్పురవ్వ, ఉప్మారవ్వ అన్నా ఆ అర్థమే. సానపట్టి నగలో పొదిగిన చిన్న వజ్రానికీ ఆ పేరే పెట్టుకున్నాం. రవ్వల దుద్దులంటే వజ్రాల దుద్దులే. అనుమానించాలంటే ‘అమెరికన్ డైమండ్’ అనే మాటను అనుమానించాలి. అది క్యూబిక్ జిర్కోనియా అనే కృత్రిమ రాయి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో అందులో డైమండ్ అంత!

ఇక క్యారెట్. దీని పుట్టుక ఒక గింజ. కేరబ్ అనే చెట్టు గింజకు గ్రీకులు పెట్టిన పేరు అరబ్బీ మీదుగా ఐరోపా భాషలకు చేరి, ఇంగ్లీషు ద్వారా మనకొచ్చింది. గింజతో తూచడం మనకూ కొత్త కాదు, కంసాలి త్రాసులో గురివింద ఉండేది. ఉంగరంలో ఎన్ని ‘రత్తీ’ల రాయి పెట్టాలో మీ వైపు జ్యోతిష్కులు చెబుతారే, ఆ రత్తి మన గురివిందే.

రోమన్ల సాలిడస్ అనే బంగారు నాణెం 24 కేరబ్ గింజల ఎత్తు. అక్కడినుంచే బంగారాన్ని 24 పాళ్లుగా లెక్కించే అలవాటు మిగిలింది. మీ ఉంగరంలో 18 పాళ్లు బంగారం, 6 పాళ్లు వేరే లోహం. నూటికి 75 అన్నమాట. రాయి దగ్గర మాత్రం క్యారెట్ ఇప్పటికీ తూకమే, 200 మిల్లీగ్రాములు. మీ వజ్రం 50 మిల్లీగ్రాములు. షాపువాళ్లు 25 సెంట్లు అంటారు, భూమి లెక్క అనుకోకండి.

ఇంగ్లీషులో ఈ రెండు క్యారెట్లకూ స్పెల్లింగు వేరుగా రాసేవాళ్లున్నారు. తెలుగులో ఆ సౌకర్యం లేదు, హల్వా చేసుకునే దుంప కూడా అక్షరం పొల్లుపోకుండా క్యారెట్టే. నేనైతే ‘18 క్యారెట్ల బంగారం’, ‘పావు క్యారెట్ బరువున్న వజ్రం’ అని రాస్తాను. ‘బరువు’ అన్న ఒక్క మాటతో తికమక పోతుంది.

అన్నట్టు, మీ చంద్రపూర్ బిల్లులో ఎప్పుడైనా ‘పాచూ’ అని కనిపిస్తే పాచి పట్టిన రాయి అంటగట్టారని గొడవకు దిగకండి. మన పచ్చకు మరాఠీ పేరు అది.